మంద్ర పంచమం కోసం ఒక లావు తీగ

జాతీయ గీతం చరిత్రలో మదనపల్లెకు చోటుందని చాలామందికి తెలుసు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆయనకు ఆతిథ్యమిచ్చారు. అక్కడే ఠాగూర్ 'జనగణమన' పాడి వినిపించారు. ఫిబ్రవరి 28 తేదీతో దాని ఇంగ్లీషు పాఠాన్ని తన చేత్తో రాసిచ్చారు. ప్రిన్సిపాల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ ఆ వరసకు పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాశారు. ఆవిడ ఐర్లండులో 1902లోనే సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి.

ఇంతవరకూ ఊళ్లో అందరూ గర్వంగా చెప్పుకునేదే. అంతగా ఎవరూ చెప్పుకోని విశేషం ఒకటుంది. ఆ వరసను దుకాణంలో కొన్న మామూలు యుకలేలే (గిటారు లాంటి చిన్న నాలుగు తీగల వాయిద్యం) మీద ఒకటో శ్రుతిలో వాయించబోతే మొదటి పాదమే పూర్తి కాదు. ఆ పాదం చివర వరస రిషభం మీద కాసేపు నిలిచి, షడ్జం కిందికి ఒక్క అడుగు దిగి మంద్ర నిషాదాన్ని తాకి, మళ్లీ రిషభం మీదుగా షడ్జానికి వచ్చి ఆగుతుంది. ఆ ఒక్క అడుగుకే చోటు లేదు. మామూలు యుకలేలేలో అన్నిటికన్నా కింది స్వరం 'సి', అంటే మన ఒకటో శ్రుతి షడ్జమే. దానికింద ఇక ఏమీ ఉండదు.

శ్రుతి పెంచుకుని నాలుగులో వాయిస్తే నిషాదం దొరుకుతుంది, నిజమే. అప్పుడు చివర్లో వచ్చే తారషడ్జం కోసం ఎనిమిదో మెట్టు దాకా పరుగెత్తాలి. అంత చిన్న వాయిద్యం మీద పిల్లల వేళ్లు కూడా అక్కడ ఇరుకునపడతాయి. ఇంకో దారి ఒకే ఒక్క తీగ మార్చడం. నాలుగో తీగ తీసేసి, దాని చోట ఒక స్థాయి కింద మోగే లావు తీగ వేస్తే, దాని నాలుగో మెట్టు మీద ఆ నిషాదం కూర్చుని ఉంటుంది. యుకలేలే వాళ్లు దీన్నే 'లో జి' అంటారు.

నాలుగు తీగలూ, మోహన రాగమూ

యుకలేలే తీగల శ్రుతి జి, సి, ఇ, ఎ. సి ని షడ్జం అనుకుని చూడండి: పంచమం, షడ్జం, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం. మోహన రాగంలోని అయిదు స్వరాల్లో నాలుగు, మెట్టు నొక్కకుండానే మోగుతున్నాయి. లేనిది రిషభం ఒక్కటే, అది సి తీగ రెండో మెట్టు మీద ఉంది. సంగీతం మాస్టారి దగ్గర మోహన గీతం నేర్చుకున్న పిల్లలకు యుకలేలే ఇస్తే చెయ్యి తొందరగా కుదరడానికి ఇదొక కారణం.

అయితే దుకాణంలో అమ్మే వాయిద్యంలో మొదటి పంచమం పైస్థాయిది. పై నుంచి కిందికి వేలితో మీటితే ప, స, గ, ధ అని వరసగా ఎక్కవు. ఒక ఎత్తు స్వరం మోగాక షడ్జానికి దిగి మళ్లీ ఎక్కుతాయి. హవాయి పాటల గలగలకు అది ప్రాణం. లావు తీగ వేసినప్పుడు మాత్రం మంద్ర పంచమం నుంచి ధైవతం దాకా మెట్లెక్కినట్టు ఒకే వరస.

తగ్గుస్థాయి వరుసలు నేర్చుకున్నవారికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. సరళి, జంట వరుసలు దాటాక వచ్చే ఆ పాఠంలో స్వరం షడ్జం కిందికి దిగి మంద్ర పంచమం దాకా వెళ్లి వస్తుంది. 'లో జి' తీగ మీద పంచమం మెట్టు లేకుండానే పలుకుతుంది. మొదటి మెట్టు మీద శుద్ధ ధైవతం, నాలుగో మెట్టు మీద కాకలి నిషాదం ఉంటాయి. అయిదో మెట్టు చేరేసరికి షడ్జం. పాఠంలో షడ్జం కిందికి దిగే భాగమంతా ఒక్క తీగ మీద అయిపోతుంది. మన సంగీతం నేర్చుకోవడానికి యుకలేలే కొనే ఎవరికైనా నేను ముందు చెప్పే మాట ఈ తీగ గురించే.

తంబురా మొదటి తీగ కూడా మంద్ర పంచమమే. వీణలో సారణి పక్కనున్న రెండో తీగా అంతే. వీణలో దాని తర్వాత మంద్రం, ఆపైన అనుమంద్రం అని ఇంకా రెండు తీగలున్నాయి. వాటితో వీణ ఇంకా లోతుకు దిగుతుంది. యుకలేలేకు అంత లోతు వద్దు, అందులో సగం చాలు.

ఉన్న తీగనే వదులు చేస్తే సరిపోదా?

అందరికీ మొదట తట్టే ప్రశ్న ఇది. జి తీగ బిరడ తిప్పి ఒక స్థాయి దించితే పోయేది కదా అని. తీగ బిగువుకూ స్వరానికీ ఉన్న లెక్క దానికి ఒప్పుకోదు. స్వరం సగానికి దిగాలంటే బిగువు నాలుగో వంతుకు పడిపోవాలి. 4 కిలోల బలంతో లాగి ఉన్న తీగ 1 కిలో మీద వేలాడుతుంది. మీటితే మెట్లకు కొట్టుకుని జరజరమంటుంది. నొక్కితే పక్కకు జరిగి స్వరం తప్పుతుంది.

బిగువు అలాగే ఉంచి స్వరం సగం చేయాలంటే తీగ బరువు, అదే పొడవుకు, నాలుగింతలు కావాలి. అదే పదార్థంతో చేస్తే లావు రెండింతలు. పై జి అర మిల్లీమీటరుకు కాస్త పైన ఉంటే, కింది జి మిల్లీమీటరుకు అటూ ఇటూగా తేలుతుంది. లెక్క ప్రకారం పై జి సెకనుకు 392 సార్లు కంపిస్తుంది, కింది జి 196 సార్లు.

లావు పెరిగే కొద్దీ తీగ కడ్డీలా బిరుసెక్కి, నాదం మొద్దుబారుతుంది. అందుకే తీగ తయారీదారుల తిప్పలన్నీ ఒక్కటే: లావు పెంచకుండా బరువు పెంచడం ఎలా? నీటి బరువు 1 అనుకుంటే నైలాన్ సుమారు 1.1, పేగు తీగ 1.3, ఫ్లోరోకార్బన్ 1.8 దాకా. రాగి దాదాపు 9. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే దుకాణంలో ఏ ప్యాకెట్ ఎందుకు అలా ఉందో మీకే అర్థమవుతుంది. నైలాన్ 'లో జి' లావుగా ఉంటుంది, నాదం మెత్తగా ఉంటుంది. ఫ్లోరోకార్బన్‌ది సన్నగా ఉండి, స్పష్టంగా పలుకుతుంది. రాగి చుట్టినది ఇంకా సన్నం, నాదం నిండుగా, ఎక్కువసేపు నిలుస్తుంది. కాకపోతే వేలు జరిపినప్పుడు చుట్ల మీద కీచుమంటుంది. మన గమకాలకు, జారుకు ఇది నిజంగా అడ్డం. చుట్లను నున్నగా సానబట్టిన తీగలు దొరుకుతాయి, ధర ఎక్కువైనా అవే తీసుకోండి. ఇటలీలోని అక్విలా కంపెనీ వాళ్లు చుట్టు లేకుండానే, ప్లాస్టిక్‌లో లోహపు పొడి కలిపి బరువు పెంచిన ఎర్ర తీగలు చేస్తారు. వాటికి కీచుదనం బెడద ఉండదు.

ఫ్లోరోకార్బన్ తీగ చేపలు పట్టే గాలానికి కట్టే దారమే అంటే ఆశ్చర్యపోతారు. పదార్థం ఒకటే. సరైన లావు కొలిచి గాలం దారాన్నే వేసుకునే వాదకులు ప్రపంచమంతా ఉన్నారు.

నీరుగట్టువారిపల్లె దారం

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె అంటే మగ్గాలు, పట్టుచీరలు. ఆ చుట్టుపట్ల పుంగనూరు, పలమనేరు, కుప్పం దాకా మల్బరీ తోటలూ పట్టుగూళ్ల షెడ్లూ కనిపిస్తాయి. దేశంలో పట్టు ఉత్పత్తిలో కర్ణాటక తర్వాత స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. అందులో ఈ పడమటి మండలాల రైతుల వాటా చిన్నది కాదు.

ఈ పట్టుకీ లావు తీగకీ పాత చుట్టరికం ఉంది. నైలాన్ రాకముందు గిటారు పై మూడు తీగలు గొర్రె పేగుతో చేసేవారు. కింది మూడు లావు తీగలకు మాత్రం లోపల పట్టు పోగులు, వాటి చుట్టూ వెండి పూత పూసిన రాగి తీగ. పట్టు పోగులు మెత్తగా వంగుతాయి, లాగితే తెగవు. బరువంతా పైన చుట్టిన లోహం చూసుకుంటుంది. లావు తీగ బిరుసెక్కకుండా ఉండటానికి ఇంతకన్నా తెలివైన ఉపాయం వంద రెండు వందల ఏళ్లు ఎవరికీ దొరకలేదు. ఒక పట్టుగూడు నుంచి తెగకుండా వచ్చే పోగు కిలోమీటరు దాకా ఉంటుందంటే ఆ ఉపాయానికి ఈ పోగే ఎందుకు సరిపోయిందో ఊహించవచ్చు. చైనా వాళ్ల గుచిన్ వాయిద్యానికి ఒకప్పుడు తీగలన్నీ పట్టువే. జపాన్ షామిసెన్‌కు ఇప్పటికీ పట్టు తీగలు వేస్తారు.

రెండో ప్రపంచయుద్ధంలో గాయాలకు కుట్లు వేయడానికి పేగు దారం అంతా ఆస్పత్రులకు పోయింది. గిటారు విద్వాంసుడు సెగోవియాకు తీగలు దొరకని రోజులవి. న్యూయార్క్‌లో వాయిద్యాలు చేసే ఆల్బర్ట్ ఆగస్టీన్ అప్పుడు నైలాన్‌తో తీగలు చేసి చూపించాడు. అప్పటినుంచి పేగు పోయింది, లోపలి పట్టూ పోయింది. ఇవాళ రాగి చుట్టిన 'లో జి' తీగ కొస విప్పి చూస్తే లోపల కనిపించే మెత్తని పోగుల కట్ట నైలాన్‌ది. పట్టు పోయిందన్న మాటే గానీ పద్ధతి అదే.

ఓడ దిగిన వాయిద్యం

యుకలేలే వయసు నూటయాభై ఏళ్లు కూడా లేదు. 1879 ఆగస్టులో 'రావెన్స్‌క్రాగ్' అనే ఓడ పోర్చుగల్ వాళ్ల మదీరా దీవి నుంచి చెరకు తోటల కూలీలను హొనలూలు చేర్చింది. అందులో వచ్చిన ముగ్గురు వడ్రంగులు, నూనెస్, ఎస్పిరిటో శాంటో, డియాస్, తమ ఊరి చిన్న గిటార్లను చూసి అక్కడి చెక్కతో కొత్తవి చేశారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అమెరికా జనం యుకలేలే విని మోజుపడ్డారు. మదనపల్లెలో బిసెంట్ కాలేజీ మొదలైంది కూడా ఆ ఏడాదే.

పాలకొల్లు పిల్లవాడి అయిదో తీగ

పరాయి వాయిద్యానికి కింది తీగ చేర్చి మన సంగీతానికి లొంగదీసిన తెలుగువాడు ఎవరని అడిగితే ఒక్క పేరే చెప్పాలి, మాండొలిన్ శ్రీనివాస్. ఠాగూర్ మదనపల్లెలో ఆ పాట ఇంగ్లీషులో రాసిన తేదీకి సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు.

మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. జంట తీగలను లాగి గమకం పలికించాలంటే రెండూ సమానంగా సాగవు, స్వరం చెదురుతుంది. జత తీసేసి ఒంటి తీగలు వేసుకున్నారు. నాదం నిలవడానికి ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు. అయినా మంద్రస్థాయి చాలక అయిదో తీగ చేర్చారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ గొంతును తీగ మీద వెతుక్కునేవాడు. గొంతు మంద్రానికి దిగితే తీగ కూడా దిగక తప్పదు కదా. అయిదో తీగ పుట్టుకకు నాకు తెలిసిన అసలు కారణం అదే. వాయిద్యంలో ఉన్న స్వరాలతో సర్దుకుపోవడం ఆయనకు నచ్చలేదు. 2014లో, 45 ఏళ్లకే ఆయన పోయారు. అయిదు తీగల మాండొలిన్ మాత్రం శిష్యుల చేతుల్లో ఇంకా మోగుతోంది.

వయొలిన్‌దీ దాదాపు ఇదే కథ. పాశ్చాత్యులు నాలుగు తీగల్నీ పంచమం దూరంతో వరసగా శ్రుతి చేస్తారు. మనవాళ్లు దాన్ని మార్చి మంద్రస్థాయి షడ్జ పంచమాలు, మధ్యస్థాయి షడ్జ పంచమాలు చేసుకున్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో మంద్రం అంత గంభీరంగా పలికిందంటే ఆ శ్రుతి మార్పు పునాది.

ఎంత పొడవుకు ఏ తీగ

యుకలేలేలు నాలుగు కొలతల్లో వస్తాయి. తీగ మోగే పొడవు సోప్రానోలో సుమారు 34 సెంటీమీటర్లు, కన్సర్ట్‌లో 38, టెనర్‌లో 43, బారిటోన్‌లో 48 నుంచి 50. పొడవు తగ్గే కొద్దీ అదే స్వరానికి తీగ ఇంకా లావెక్కాలి. అందుకే 'లో జి'కి టెనర్ అన్నిటికన్నా అనువైనది. కన్సర్ట్ పరవాలేదు. సోప్రానోకు వేయవచ్చు గానీ ఆ చిన్న డొక్క కింది స్వరాన్ని నిండుగా పలికించలేదు. పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. దాన్ని ఒంగోలు గిత్తతో కలిపి కాడికి కడతామా? సోప్రానోను దాని గలగలకే వదిలేయడం మేలని నా అభిప్రాయం.

ఆడవాళ్లకు ఒక మంచి కబురు. బారిటోన్ తీగల శ్రుతి డి, జి, బి, ఇ. జి ని షడ్జం చేస్తే మళ్లీ అవే ప, స, గ, ధ. శ్రుతి మాత్రం అయిదు. మన గాయనులు ఎక్కువమంది పాడే శ్రుతి అదే. బారిటోన్ పెట్టెలోంచి తీసినప్పుడే మంద్ర పంచమంతో వస్తుంది, తీగ మార్చే పని కూడా ఉండదు.

గిటారు నాలుగో తీగ

మదనపల్లెలో గానీ పుంగనూరులో గానీ 'లో జి' ప్యాకెట్ అడిగితే దొరకడం కష్టం. కుప్పం వాళ్లు రైలెక్కితే రెండు మూడు గంటల్లో బెంగళూరులో దిగుతారు. పని కోసం అంత దూరం వెళ్లినప్పుడు తెచ్చుకోవచ్చు. అంతదాకా ఆగలేనివారికి ఒక కిటుకు: నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు వాడే నాలుగో తీగ, డి, విడిగా అమ్ముతారు. అది గిటారు మీద 65 సెంటీమీటర్ల పొడవున డి స్వరానికి మోగుతుంది. టెనర్ యుకలేలే మీద 43 సెంటీమీటర్లకు కుదించి జి కి ఎక్కిస్తే, గిటారు మీద ఉన్న బిగువులో ముప్పాతిక వంతు కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. కన్సర్ట్ మీద అయితే అరవై శాతం. రెండూ యుకలేలే భరించే లెక్కలోనే ఉన్నాయి.

స్టీలు గిటారు తీగ మాత్రం ఎంతమాత్రం వద్దు. యుకలేలే నాలుగు తీగలూ కలిసి లాగేది సుమారు 12 నుంచి 20 కిలోలు. స్టీలు తీగల గిటారు డొక్క 70 కిలోలకు పైగా లాగుడు తట్టుకునేలా లోపల కట్టెలు వేసి చేస్తారు. స్టీలు వేస్తే యుకలేలే మీద తీగల కొసలు పట్టి ఉంచే బ్రిడ్జ్ జిగురు ఊడి లేచిపోతుంది, పలక ఉబ్బుతుంది. అది మళ్లీ బాగుపడటం కష్టం.

మార్చేటప్పుడు

నాలుగు తీగలూ మార్చాలనుకున్నా ఒకేసారి విప్పకండి. ఒకటి తీసి ఒకటి వేయండి. శ్రుతి సరిచూడటానికి పక్క తీగలు తోడుంటాయి, బ్రిడ్జ్ మీద లాగుడూ ఒక్కసారిగా మారదు.

బ్రిడ్జ్ దగ్గర తీగ కొసను కడ్డీ కింది నుంచి దూర్చి, వెనక్కి తెచ్చి, తీగ కింద నుంచి పోనిచ్చి తన చుట్టూ తానే మెలిపెట్టాలి. నైలాన్‌కు ఒక మెలిక చాలు. ఫ్లోరోకార్బన్ జారుడు స్వభావం కలది, రెండు మూడు మెలికలు వేసి కొసను బ్రిడ్జ్ వెనక అంచు దాటించి బిగించండి. చీలిక ఉన్న బ్రిడ్జ్ అయితే కొసన ముడి వేసి చీలికలో దించడమే. ముడి చీలికలోంచి జారిపోతుంటే ఒక చిన్న పూస గుచ్చి ముడి వేస్తారు. పైన బిరడ దగ్గర రెండు మూడు చుట్లు పడేంత వదులు ఉంచితే సరి.

చాలామంది మరిచేది నట్, అంటే బిరడల కింద తీగలు గాళ్లలో ఆనే పట్టీ. సన్నని తీగ కోసం కోసిన గాడిలో లావు తీగ కూర్చోదు. గాడి అంచుల మీద నిలబడి ఉంటే మొదటి మెట్టు నొక్కడానికి వేలు నొప్పెడుతుంది, స్వరం పైకి పోతుంది. గాడి తీగను పట్టేస్తే బిరడ తిప్పినప్పుడు టిక్కుమని దూకుతుంది, శ్రుతి కుదురుకోదు. సన్నని ఆకురాయితో గాడిని వెడల్పు చేయాలి, లోతు చేయకూడదు. లోతయితే మెట్టుకు తగిలి జరజరమంటుంది, ఇక ఆ నట్ పనికిరాదు.

ఫోనులోని ట్యూనర్ ఒక చోట మోసం చేస్తుంది. పై జి కి, కింది జి కి రెండింటికీ 'జి' అనే చూపిస్తుంది. తెలియక కింది తీగను పై జి దాకా ఎక్కించబోతే బిగువు నాలుగింతలై తెగుతుంది, ముఖం మీదికీ లేస్తుంది. గురుతు ఏమిటంటే, కింది జి ని అయిదో మెట్టు మీద నొక్కి మీటితే పక్కనున్న సి తీగ మెట్టు నొక్కకుండా మోగిన స్వరమే రావాలి. చెవితో పోల్చుకోండి, ట్యూనర్ కన్నా ఇదే నమ్మకం.

కొత్త తీగ రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది. ఎక్కించాక మధ్యలో వేళ్లతో పట్టి మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేయండి. దిగువనుంచి పైకి తెచ్చి ఆపాలి గానీ పైనుంచి దించి ఆపకూడదు, దించితే చుట్లలో మిగిలిన వదులు తర్వాత జారుతుంది. కొస కత్తిరించే పని చివరికి ఉంచుకోండి. నైలాన్ తేమను పీలుస్తుంది, ఫ్లోరోకార్బన్ దాదాపు పీల్చదు. మదనపల్లె ఎండలోంచి హార్స్‌లీ హిల్స్ మీదికి యుకలేలే పట్టుకెళ్తే చేరగానే వాయించకండి. కాసేపు ఆ చల్లదనానికి అలవాటు పడనిచ్చి అప్పుడు శ్రుతి చూసుకోవాలి.

రాగి చుట్టు తీగ తెగేది ఎక్కువగా మెట్ల దగ్గరే. రోజూ ఒకే చోట నొక్కి నొక్కి చుట్లు అరిగి అడుగున చదునైన మచ్చలు పడతాయి. వేలిగోరు తీగ అడుగున నడిపితే ఆ మచ్చలు తెలుస్తాయి. అవి తగిలాక నాదం మసకబారుతుంది, స్వరాలూ కాస్త తప్పుతాయి. రెండో తీగ ప్యాకెట్ అప్పటికే ఇంట్లో ఉంటే మంచిది.

ఇంకొక్క మాట. తీసిన పాత జి తీగను చుట్టచుట్టి దాచుకోండి. పండగనాడు పిల్లలతో హుషారు పాటలు వాయించాలనిపిస్తే పైస్థాయి జి యే కావాలి. వెడల్పు చేసిన గాడిలో ఆ సన్న తీగ కదులుతుంది. కాబట్టి ఆకురాయి పట్టుకోకముందే అదే కొలత నట్ ఇంకొకటి కొని, లావు తీగ గాడిని దాని మీద కోయించుకోవడం నయం.